శామ్యూల్ కోల్టు

పాత వస్తువులను సేకరించుట కొందరికి వినోదము. మరికొందరికి అది ఒక విద్య. నాణెముల మీది అక్షరములను బట్టి రాజుల కాలమును నిర్ణయించు పండితులవలెనే, పాత తుపాకుల మీది అంకెలను బట్టి ఒక శతాబ్దపు పరిశ్రమ చరిత్రను చదువువారును లోకమున కలరు. అమెరికాలో అట్టివారు మిక్కిలి ఆసక్తితో వెదకునవి ఒక విధమగు చేతి తుపాకులు. వానిలో మందును, గుండును నింపుటకు గదులు గల చిన్న చక్ర మొకటి యుండును. బొటనవ్రేలితో తుపాకి గుఱ్ఱమును వెనుకకు లాగినప్పుడెల్ల ఆ చక్రము ఒక గది మేర తిరిగి నిలుచును. వానిని రివాల్వరు లందురు. అట్టి పాత తుపాకులలో పెక్కింటి మీద ఒకే పేరు చెక్కబడి యుండును. ఆ పేరు కోల్టు.

ఇంగ్లీషు భాషలో కోల్టు అనగా గుఱ్ఱపు పిల్ల యని అర్థము. ఆ పేరు గల మనుష్యుడు నలువదియేడేండ్లు మాత్రమే జీవించెను. ఆ స్వల్పకాలములో అతడు ఒకసారి సర్వమును పోగొట్టుకొనెను. మరల లేచి తన దేశమునందలి మిక్కిలి ధనవంతులలో ఒకడయ్యెను. అతని జీవితమున మెచ్చదగినది కలదు, మెచ్చరానిదియు కలదు. రెంటిని కలిపి తెలిసికొన్నప్పుడే అతని చరిత్ర మనకు ఉపకరించును.

శామ్యూల్ కోల్టు 1814వ సంవత్సరము జూలై 19వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కనెక్టికట్ రాష్ట్రమున, హార్ట్‌ఫర్డు పట్టణములో జన్మించెను. తండ్రి క్రిస్టఫర్ కోల్టు వర్తకుడు. తల్లి సారా. ఆమె తండ్రి అమెరికా స్వాతంత్ర్య యుద్ధములో సైన్యాధికారిగా పనిచేసినవాడు. ఆ తాతగారి పాత పిస్తోలు శామ్యూలునకు ఆటవస్తువుగా దొరకెనని చెప్పుదురు. అతనికి ఏడేండ్లు నిండక పూర్వమే తల్లి క్షయవ్యాధితో మరణించెను. తండ్రి వ్యాపారము చెడి, కుటుంబము చితికిపోయెను. పదునొకండేండ్ల వయసున బాలుని గ్లాస్టన్‌బరీ గ్రామములో ఒక రైతు ఇంట పనికి ఒప్పగించిరి. అచ్చట పొలము పనులు చేయుచు, తీరిక దొరకినప్పుడు బడికి పోవుచు అతడు కాలము గడపెను. పాఠములకంటె యంత్రములను గూర్చియు, తుపాకి మందును గూర్చియు, విద్యుచ్ఛక్తిని గూర్చియు వ్రాసిన పుస్తకములు అతని మనస్సును ఎక్కువగా ఆకర్షించెను.

తరువాత అతడు వేర్ అను ఊరిలో తండ్రి నడుపుచుండిన బట్టల మిల్లులో చేరెను. అచ్చట రంగులు, రసాయన ద్రవ్యములు, పనిముట్లు అన్నియు అందుబాటులో నుండెను. ఆ ఊరి చెరువులో నీటి అడుగున మందుపాత్ర నుంచి, తీగ ద్వారా విద్యుత్తును పంపి ప్రేల్చెదనని అతడు చాటింపు వేసెను. జనము గుమిగూడిరి. మందు ప్రేలినమాట నిజమే కాని, చెరువు అడుగునందలి బురద పైకెగసి పండుగబట్టలు కట్టుకొని వచ్చినవారి మీద వర్షమువలె కురిసెను. కోపించి మీదికి వచ్చిన జనము బారినుండి అతనిని ఒక యువకుడు కాపాడెనని కథ గలదు. ఆ యువకుని పేరు ఎలైషా రూట్. అతడు పనిమంతుడగు యంత్రకారుడు. ఈ ఇద్దరి జీవితములును ఇరువది సంవత్సరముల తరువాత మరల కలిసికొనవలసి యుండెను.

పిమ్మట తండ్రి కుమారుని ఆమ్‌హర్‌స్టు పట్టణములోని పాఠశాలకు పంపెను. అచ్చటను అతడు తుపాకి మందుతో ఆటలాడి చదువునకు స్వస్తి చెప్పవలసి వచ్చెను. ఇక ఈ బాలునకు సముద్రయానమే తగిన శిక్షణ యని పెద్దలు తలంచిరి. 1830 ఆగస్టు నెలలో, పదునారేండ్ల ప్రాయమున, శామ్యూలు బోస్టను రేవులో కోర్వో అను ఓడ నెక్కెను. ఆ ఓడ మన దేశమునకు, కలకత్తా నగరమునకు, వచ్చుచుండెను.

ఈ యాత్రయే అతని జీవితమును మలుపు త్రిప్పెను. ఓడలో కూర్చుండి అతడు కొయ్యతో ఒక చిన్న తుపాకి నమూనాను చెక్కెను. చుక్కాని చక్రము ఎట్లు తిరిగినను దాని ఆకులలో నొకటి ఒక నియమిత స్థానమున వచ్చి నిలుచుటను చూచి తనకా ఊహ కలిగినట్లు అతడు తరువాతి కాలమున చెప్పుచుండెను. లంగరును పైకెత్తు యంత్రములోని పండ్ల చక్రమును, దానిని వెనుకకు జారనీయని కొక్కెమును చూచి నేర్చెనని కొందరందురు. అయితే చక్రపు తుపాకి అప్పటికే లోకములో లేకపోలేదు. బోస్టను నివాసి యగు ఎలైషా కోలియరు అట్టి తుపాకికి 1818లో ఇంగ్లండునందు హక్కు పొందెను. దాని చక్రమును చేతితో త్రిప్పవలసి యుండెను. కలకత్తాలో ఆంగ్ల సైనికుల యొద్ద శామ్యూలు అట్టిదానిని చూచి యుండవచ్చునని చరిత్రకారులు కొందరు తలంతురు. కథ ఏదైనను, కొయ్యతో చెక్కిన నమూనా మాత్రము నేటికిని హార్ట్‌ఫర్డులోని వాడ్స్‌వర్త్ ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది.

ఆ నమూనాలోని విశేష మేమి? ఆ కాలపు పిస్తోలు ఒకసారి ప్రేల్చినంతనే పనికిరాకుండ పోవుచుండెను. మరల మందు పోసి, గుండు దిగగొట్టి, టోపీ తగిలించునప్పటికి చాల కాలము పట్టెడిది. కోల్టు చేసిన ఏర్పాటులో గుఱ్ఱమును బొటనవ్రేలితో వెనుకకు లాగినచో మూడు పనులు వరుసగా జరుగును. చక్రము ఒక గది మేర తిరుగును. ఆ గది గొట్టమునకు సరిగా ఎదురుగా వచ్చి నిలుచును. అది కదలకుండ ఒక చీల అడ్డుపడును. ఇక చూపుడువ్రేలితో మీటను నొక్కినచో గుఱ్ఱము పడి మందు అంటుకొనును. మీట చేయు పని గుఱ్ఱమును విడుచుట యొక్కటియే. కావుననే ఈ జాతి తుపాకులకు సింగిల్ యాక్షన్ రివాల్వరు లని తరువాత పేరు వచ్చెను.

ఊహ కలిగినంతనే వస్తువు సిద్ధము కాదు. పనివాండ్రచేత మొదట చేయించిన రెండు తుపాకులలో ఒకటి పరీక్షలోనే పగిలిపోయెను. మంచి నమూనాలు చేయించుటకు ధనము కావలెను. ఇంట ధనము లేదు. అంతట శామ్యూలు ఒక విచిత్రమగు వృత్తి నవలంబించెను. నవ్వు పుట్టించు వాయువు అని జనులు పిలుచు నైట్రస్ ఆక్సైడును మిల్లులో నున్నప్పుడు అతడు చూచి యుండెను. 1832 మొదలుకొని ఊరూర తిరుగుచు, టిక్కెట్లు పెట్టి, జనులకు ఆ వాయువును పీల్పించి, వారు నవ్వుచు గంతులు వేయుచుండ సభవారికి వినోదము కలిగించెను. తన పేరులోని అక్షరములను కొంచెము మార్చి, న్యూయార్కు, లండను, కలకత్తా నగరముల డాక్టరునని ప్రకటించుకొనెను. అతడు డాక్టరు కాడు. అతనికి ఇరువదియేండ్లైనను నిండలేదు. ఈ అసత్యము అతని నైజములో ఒక భాగమును మనకు తెలుపుచున్నది. కాని అట్లు కూడబెట్టిన డబ్బును అతడు దుర్వ్యయము చేయక బాల్టిమోరు నగరములోని జాన్ పియర్సన్ అను నేర్పరియగు పనివానికి పంపుచు నమూనాలను బాగుచేయించెను.

1835లో ఇంగ్లండునందును, 1836 ఫిబ్రవరి 25వ తేదీన అమెరికాయందును కోల్టునకు పేటెంటు హక్కులు లభించెను. ఆ సంవత్సరమే బంధువుల సాయముతో న్యూజెర్సీ రాష్ట్రములోని ప్యాటర్సన్ పట్టణమున కర్మాగారము స్థాపింపబడెను. అచ్చట చేసిన రివాల్వరులు ఐదు గుండ్లు గలవి. వాని మీట లోపల దాగియుండి, గుఱ్ఱమును లాగినప్పుడు మాత్రమే వెలికి వచ్చును. వస్తువు అందమైనదే కాని సున్నితమైనది, వెల యెక్కువ. 1837లో సైనికాధికారులు పరీక్షించి, ఇది సైన్యమునకు తగదని తేల్చిరి. కోల్టు నిరాశ చెందక, ఫ్లారిడాలో సెమినోలు జాతివారితో యుద్ధము చేయుచుండిన సైన్యము నొద్దకు స్వయముగా పోయి కొన్ని తుపాకులను అమ్మెను. మరలివచ్చునప్పుడు పడవ బోల్తాపడి అతడు ప్రాణములతో బయటపడుటయే గగనమయ్యెను. కంపెనీలోని భాగస్వాములు అతని దుబారాను చూచి విసిగిరి. 1842లో ప్యాటర్సన్ కర్మాగారము మూతపడెను.

అప్పుడతనికి ఇరువదియెనిమిదేండ్లు. చేతిలో పని లేదు. తల మీద అప్పులు కలవు. అయినను అతడు ఊరకుండలేదు. బాల్యమున చెరువులో చేసిన ప్రయోగమును మరల చేపట్టి, రేవుల రక్షణకై నీటి అడుగు మందుపాతరలను కల్పించెను. 1844లో వాషింగ్టను నగర సమీపమున నదిలో పోవుచున్న ఓడను దూరమునుండి విద్యుత్తుతో ప్రేల్చి చూపెను. ప్రభుత్వము దానిని స్వీకరింపలేదు. కాని నీరు చొరని తీగలను చేయుటలో అతడు సంపాదించిన నేర్పు, టెలిగ్రాఫును నిర్మించిన శామ్యూల్ మోర్సునకు ఉపకరించెను.

ఇంతలో, మూతపడిన కర్మాగారమునుండి వెలువడిన కొద్దివేల తుపాకులలో కొన్ని టెక్సాసు సరిహద్దునకు చేరి యుండెను. 1844 జూన్ నెలలో జాక్ హేసు అను నాయకుని క్రింద పదునైదుగురు రౌతులు, తమకంటె ఎన్నో రెట్లున్న కొమాంచీ వీరులతో పోరి ఈ రివాల్వరుల బలమున గెలిచిరి. కొమాంచీలు తమ నేలను కాపాడుకొనుటకై పోరాడుచుండిన ఆదివాసులు. ఒక రౌతు గుండు నింపుకొను నంతలో కొమాంచీ యోధుడు పెక్కు బాణములను వేయగలిగెడివాడు. క్రొత్త ఆయుధము ఆ తారుమారును తెచ్చెను. ఒక జాతికి విజయమైనది మరియొక జాతికి వినాశమునకు నాంది యయ్యెను. ఈ మాటను కోల్టు చరిత్ర చదువునప్పుడు మరువరాదు.

ఆ పోరాటములో పాల్గొన్న శామ్యూల్ వాకరు తరువాత సైన్యములో కాప్టెను అయ్యెను. మెక్సికోతో యుద్ధము వచ్చినప్పుడు 1846లో అతడు కోల్టునకు ఉత్తరము వ్రాసి, పాత తుపాకి మేలును కొనియాడెను. దానిలో చేయదగిన మార్పులను ఇరువురును చర్చించిరి. ఐదునకు బదులు ఆరు గుండ్లు పట్టవలెను. మీట ఎల్లప్పుడు వెలుపల నుండి దానికి రక్షగా కమ్మీ యుండవలెను. గుండు దిగగొట్టు కడ్డీ తుపాకికే అమర్పబడవలెను. కట్టడము దృఢము కావలెను. అంతట ప్రభుత్వము వేయి తుపాకులకు ఆర్డరు ఇచ్చెను. కాని కోల్టునకు కర్మాగారమే లేదు! నమూనాగా చూపుటకు తాను చేసిన పాత రివాల్వరు ఒక్కటియైనను అతని యొద్ద మిగులలేదని చెప్పుదురు. అతడు తడబడక, ఎలై విట్నీ కుమారుని కర్మాగారములో పని జరుగునట్లు ఒప్పందము చేసికొనెను. 1847లో ప్రభుత్వమునకు వేయియు, బయట అమ్ముటకు నూరును సిద్ధమయ్యెను. ఒక్కొక్క తుపాకి రెండు కిలోల బరువుండెను. వాకరు తన పేరుతో ప్రసిద్ధమైన ఆ తుపాకులను అందుకొనిన కొద్దిదినములకే, ఆ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన యుద్ధములో మరణించెను.

ఆ లాభముతో కోల్టు తన పుట్టిన ఊరగు హార్ట్‌ఫర్డునకు తిరిగివచ్చి సొంత కర్మాగారమును పెట్టెను. 1849లో, చిన్ననాడు తనను కాపాడిన ఎలైషా రూటును మంచి జీతమిచ్చి పిలిపించి దానికి అధికారిగా నియమించెను. ఈ నియామకమే అతని అదృష్టమునకు మూలము. అంతకు పూర్వము తుపాకిని ఒక పనివాడు మొదటినుండి తుదివరకు ఆకురాయితో అరగదీసి, అమర్చి చేయుచుండెను. ఒకదాని భాగము మరియొకదానికి సరిపడెడిది కాదు. రూటు ప్రతి భాగమునకును వేరు యంత్రమును, వేరు కొలమానమును ఏర్పరచెను. ఒకే యంత్రము ఒకే పనిని వేలసార్లు చేయును. కొంత ఆకురాయి పని మిగిలియున్నను, భాగములు చాలవరకు ఒకదానికొకటి సరిపడునట్లు వచ్చెను. తరువాతి కాలమున కుట్టుమిషనులను, సైకిళ్లను, మోటారు కారులను వేలకొలదిగా తయారుచేయుటకు ఈ పద్ధతియే దారి చూపెను. హార్ట్‌ఫర్డులో పని నేర్చిన యంత్రకారులు దేశమంతట వ్యాపించి ఇతర పరిశ్రమలను వృద్ధిచేసిరి.

1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనమునకు కోల్టు తన రివాల్వరులను పంపెను. జనులు విరగబడి చూచిరి. ఆ సంవత్సరము నవంబరులో అచ్చటి సివిల్ ఇంజనీర్ల సంస్థ సభ్యుల ఎదుట అతడు ఒక ప్రసంగము చేసెను. అందులో అతడు తన యంత్రములను వర్ణించుటతో తృప్తి చెందలేదు. లండను కోటలోని ఆయుధశాలను, ఇతర సంగ్రహములను గాలించి, తనకు పూర్వము పలు దేశములలో చేయబడిన చక్రపు తుపాకులను పరిశీలించి, వాని చిత్రములను చూపుచు, ఒక్కొక్క దానిలోని గుణమును లోపమును వివరించెను. తాను కనిపెట్టినదనుకొన్న వస్తువునకు ఎంతటి పూర్వచరిత్ర గలదో అతడు అప్పుడు గ్రహించెను. పాత తుపాకులను తానును సేకరించి దాచెను. పాత రివాల్వరులను పరిశోధించు విద్యకు రివాల్వరుల వర్తకుడే పునాది వేసినవారిలో ఒకడగుట వింతగదా!

1853లో లండనులోను ఒక కర్మాగారము తెరువబడెను. చార్లెస్ డికెన్సు నడుపుచుండిన పత్రికలో 1854లో దానిని గూర్చి వ్యాసము వెలువడెను. కాని ఆ కర్మాగారము నాలుగేండ్లకంటె నిలువలేదు. హార్ట్‌ఫర్డులో మాత్రము కోల్టు వైభవము పెరిగెను. కనెక్టికట్ నది ఒడ్డున ఏటేట వరదలలో మునుగు పల్లపు భూమిని అతడు చవుకగా కొని, సుమారు రెండు మైళ్ల పొడవున కట్ట పోయించెను. కట్ట జారకుండుటకు విల్లో చెట్లను నాటించెను. ఆ చెట్ల బెత్తములు వృథా పోనీయక, జర్మనీ నుండి బుట్టలల్లు పనివారిని రప్పించి కుర్చీలు, బల్లలు అల్లించెను. కట్టకు లోపల 1855లో పెద్ద కర్మాగారమును నిర్మించెను. దాని మీద బంగారు చుక్కలు గల నీలి గుమ్మటమును, గుమ్మటము మీద ముందుకాళ్లెత్తిన గుఱ్ఱపు పిల్ల ప్రతిమను నిలిపెను. పనివారికి ఇండ్లు, సభామందిరము, గ్రంథములు, వాద్యబృందము ఏర్పరచెను. దినమునకు పది గంటల పని యని నియమించెను. ఆ కాలమునకు అది తక్కువయే. 1856 నాటికి అచ్చట దినమునకు సుమారు 150 ఆయుధములు తయారగుచుండెను. ఆ ఏటనే అతడు ఎలిజబెత్ జార్విసును వివాహమాడెను.

కోల్టు వర్తకములోని చీకటి కోణములను గూడ చెప్పవలెను. అతడు అధికారులకును, రాజులకును బంగారు నగిషీ తుపాకులను కానుకలుగా పంపి పనులు సాధించుకొనుచుండెను. పేటెంటు గడువును పొడిగింపుమని కాంగ్రెసును కోరినప్పుడు, సభ్యులకు లంచములు ముట్టెనను ఆరోపణ వచ్చి 1854లో విచారణ జరిగెను; గడువు పొడిగింపబడలేదు. టర్కీకిని రష్యాకును వైరము కలిగియుండగా ఉభయులకును తుపాకులను అమ్మజూపెను. బానిసత్వమును నిలుపుకొనుటకై దక్షిణ రాష్ట్రములు వేరుపడుచున్న దినములలోను, 1861 ఏప్రిలులో అంతర్యుద్ధము ఆరంభమగువరకు, వారికి ఆయుధములను అమ్ముచునే యుండెను. అందులకు ఉత్తరాది పత్రికలు అతనిని దేశద్రోహి యని నిందించెను. ఆయుధము ఎవని చేతికి పోవునో, ఎందులకు వాడబడునో విచారింపక, వెల యిచ్చినవానికెల్ల అమ్ముట అతని దోషము. ఎంతటి ప్రజ్ఞయు ఆ దోషమును మరుగుపరుపజాలదు.

అవిశ్రాంతమగు శ్రమచే అతని దేహము క్షీణించెను. కీళ్లవాతము బాధించెను. 1862 జనవరి 10వ తేదీన, కర్మాగారములో వేయిమందికి పైగా పనిచేయుచుండగా, అతడు హార్ట్‌ఫర్డునందు కన్నుమూసెను. అతని ఆస్తి కోటిన్నర డాలర్లని అంచనా వేసిరి. సంతానములో ఒక్క కుమారుడు తక్క తక్కినవారు పసితనముననే పోయిరి.

భర్త పోయిన రెండేండ్లకు, 1864 ఫిబ్రవరి 5వ తేదీన, కర్మాగారము అగ్నికి ఆహుతి యయ్యెను. గుమ్మటము కూలెను. యంత్రములు, నమూనాలు, పత్రములు పెక్కు బూడిద యయ్యెను. ఎలిజబెత్ ధైర్యము వీడలేదు. నిప్పునకు లొంగని కట్టడముగా దానిని మరల నిర్మింపించి, గుమ్మటమును తిరిగి నిలిపెను. భర్త, బిడ్డల జ్ఞాపకార్థము ఆమె కట్టించిన దేవాలయపు ద్వారము మీద రివాల్వరు భాగములను శిల్పములుగా చెక్కించెను. 1905లో ఆమె మరణించినప్పుడు, భర్త సేకరించిన ఆయుధములను, తమ ఇంటి కళావస్తువులను వాడ్స్‌వర్త్ ప్రదర్శనశాలకు వ్రాసియిచ్చెను.

కోల్టు పేరుతో లోకమంతట ప్రసిద్ధమైన తుపాకి అతడు చూడనే లేదు. వెనుకనుండి తూటాలను నింపు చక్రమునకు రోలిన్ వైటు అను నతడు 1855లో హక్కు పొందెను. ఆ హక్కు 1869లో తీరువరకు కోల్టు కంపెనీకి ఆ పద్ధతి అందలేదు. తరువాత విలియం మేసను మొదలగు యంత్రకారులు క్రొత్త తుపాకిని కల్పించిరి. 1873లో అమెరికా సైన్యము దానిని స్వీకరించి మొదట ఎనిమిదివేలు కొనెను. అదియే సింగిల్ యాక్షన్ ఆర్మీ. 1940 వరకు అట్టివి మూడులక్షల యేబదివేలకు పైగా తయారయ్యెను. చలనచిత్రముల మూలమున దానికి మరల గిరాకి కలిగి, 1956లో తయారీ పునరారంభమయ్యెను.

ఈ తుపాకులను పరిశోధించువారి పని మిక్కిలి ఓర్పుతో కూడినది. 1873లో ఒకటవ సంఖ్యతో ఆరంభించి, ప్రతి తుపాకికిని వరుస సంఖ్య వేయబడెను. ఆ సంఖ్య మధ్య చట్రము మీదను, మీట రక్షణ కమ్మీ మీదను, పిడి వెనుకపట్టీ మీదను ఒకటిగా నుండవలెను. చట్రము మీద చెక్కిన పేటెంటు తేదీలు, సైన్యము పక్షమున పరీక్షించిన అధికారుల పేర్ల పొడి అక్షరములు, గొట్టపు పొడవు, పిడి కొయ్య, ఇవన్నియు సాక్ష్యములు. కంపెనీ వారి పాత రవాణా చిట్టాలలో ఏ సంఖ్య గల తుపాకి ఏ దినమున ఏ వర్తకునకు పోయెనో వ్రాయబడి యుండును. కోరినవారికి ఆ వివరములను కంపెనీవారు రుసుము తీసికొని ఉత్తరరూపమున ఇచ్చెదరు.

1876 జూన్ 25వ తేదీన లిటిల్ బిగ్‌హార్న్ నదీతీరమున కస్టరు దండును లకోటా, షయాన్ జాతులవారు ఓడించిరి. ఆ దండు చేతిలో నుండినవి ఈ తుపాకులే. అందుచే ఆ కాలపు సంఖ్యలు గల వానికి వెల మిక్కుటము. వెల యున్నచోట మోసమును పుట్టును. సంఖ్యలను అరగదీసి క్రొత్తవి చెక్కువారును, దొంగ అక్షరములను వేయువారును బయలుదేరిరి. కాని నిజమును తెలిసికొనుటకు తొందరపాటు పనికిరాదు. ఉదాహరణమునకు, ఒకే తుపాకి మీద వేర్వేరు సంఖ్యలున్నచో అది తప్పక దొంగది యనరాదు. 1895 మొదలు కొన్నేండ్లపాటు ప్రభుత్వమువారే పాత తుపాకుల గొట్టములను పొట్టిచేయించి, భాగములను కలగలిపి మరల అమర్చిరి. ఈ సంగతి ఎరిగినవాడే సరియగు తీర్పు చెప్పగలడు. చరిత్రలో ఒక్క సాక్ష్యమును నమ్మరాదు. పలు సాక్ష్యములు ఏకముఖమైనప్పుడే నమ్మవలెను.

కోల్టు కంపెనీ తన సంగ్రహమును 1957లో కనెక్టికట్ రాష్ట్రమునకు ఇచ్చెను. నీలి గుమ్మటము గల ఆ ప్రాంతమును జాతీయ చారిత్రక వనముగా చేయుటకు 2014లో చట్టము చేసిరి. ఒకనాడు భయమునకు కారణమైన ఆయుధములు నేడు అద్దపు బీరువాలలో మౌనముగా నున్నవి. వానిని చూచువారు ఒక పేద బాలుని పట్టుదలను చూతురు. రూటు యంత్రనైపుణ్యమును చూతురు. ఎలిజబెత్ ధైర్యమును చూతురు. ఆ ఇనుము మూలమున నేల కోల్పోయిన జాతుల దుఃఖమును గూడ చూడగలిగిననే ఆ చూపు సంపూర్ణమగును.

శామ్యూల్ కోల్టు ఓటమికి లొంగనివాడు. పదునారేండ్లకు కలిగిన ఊహను ముప్పదిమూడేండ్లకు గాని అతడు ఫలింపజేయలేకపోయెను. నడుమ దారిద్ర్యము, అవమానము, నష్టము అన్నియు వచ్చెను. ఆ పట్టుదలను యువకులు నేర్చుకొనదగును. కాని తెలివి యొక్కటియే మనుష్యుని గొప్పవానిని చేయదు. తాను చేయు వస్తువు లోకమునకు ఏమి చేయునో విచారించుటయు మనుష్యధర్మమే. కోల్టు మొదటి పాఠమును తన జీవితముచే నేర్పెను. రెండవ పాఠమును తన లోపముచే నేర్పెను.